దగ్గు తల్లిగారిది

ఆ సంవత్సరం మా ఊళ్లో జనం దగ్గడం మానేశారు. ఎవరికి వారు మానేసింది కాదు, పంచాయతీ మైకులో చెప్పించుకుని మరీ మానేశారు.

మా ఊరంటే నేను పుట్టినదీ కాదు, మెట్టినదీ కాదు. ఎల్లారెడ్డికి దగ్గర్లో నేను నర్సుగా పనిచేసే ఊరు. నేనుండేది ఎల్లారెడ్డిలో, అద్దె ఇంట్లో. పొద్దున్నే స్కూటీ మీద వెళ్లి సబ్ సెంటర్ తాళం తీస్తాను. టీకాలు వేస్తాను, గర్భిణుల బరువు చూస్తాను, బీపీ గోలీలు పంచుతాను, మిగిలిన కాలమంతా రిజిస్టర్లు రాస్తాను. రిజిస్టర్లు రాయగా మిగిలిన కాలంలో టీకాలు వేస్తానంటే ఇంకొంచెం నిజం. ఊరివాళ్లకు నేను సిస్టరమ్మను. నాకు నోరెక్కువని అందరూ అంటారు. అంత నోరున్న మనిషి అవసరమైన రోజున నోరు మూసుకుంటే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, క్షయ లేని ఊళ్లకు సర్టిఫికెట్ ఇస్తారని పైనుంచి కాగితం వచ్చింది. షరతులు రెండు పేజీలు. మొదటి పేజీ అందరం చదివాం. ఊళ్లో చాలామందికి తెమడ పరీక్ష జరిగి ఉండాలి, జబ్బు మాత్రం ఉండకూడదు అని మాకు అర్థమైంది. అంటే బాగా వెతకాలి, ఏమీ దొరకకూడదు. తాళంచెవి కోసం ఇల్లంతా గాలిస్తూ, అది కనబడొద్దని దేవుడికి మొక్కుకునే పని ఇది. రెండో పేజీ ఎవరం తిప్పలేదు.

ఆ సర్టిఫికెట్ మీద అందరికంటే ఎక్కువ మనసు పడ్డది సర్పంచ్ సాబ్. నిజానికి ఆయన మాజీ. గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎన్నికలు ఇవాళ రేపు అంటున్నారు, ఆయన మాత్రం మనసులో ఇంకా కుర్చీ దిగలేదు. చెడ్డవాడని అనను. కరోనా రోజుల్లో సొంతవాళ్లే తొక్కని గడపల ముందు బియ్యం సంచులు దించి వచ్చిన మనిషి. కాకపోతే ఊరి మొదట్లో ఒక బోర్డు, బోర్డు మీద తన ఫొటో ఉంటే ఎన్నిక సగం గెలిచినట్టేనని ఆయన నమ్మకం. అందుకని తానే మైకు పట్టుకున్నాడు.

"రెండు వారాల సంది దగ్గున్నోళ్లు సిస్టరమ్మ దగ్గరికి పోయి పేరు రాయించుకోవాలె. గిది మన ఊరి ఇజ్జత్ ముచ్చట. ఎవ్వలకు రోగం ఉండొద్దని పంచాయతీ తరఫున కోరుతున్నం."

కోరిక తీరింది. మర్నాటి నుంచి ఊరు ఊరంతా గొంతు సవరించుకోవడం కూడా ఆపేసింది. బీడీ కాల్చని గంట ఎరగని ముసలాయన సబ్ సెంటర్ ముందు నుంచి పోతూ ఊపిరి బిగబట్టి పోయేవాడు, మలుపు తిరిగాక గోడకు ఆనుకుని కరువుతీరా దగ్గేవాడు. కల్లు దుకాణంలో ఎవరికైనా దగ్గు వస్తే పక్కవాళ్లంతా తిరిగి చూసేవారు. "పొలమారింది" అనేవాడు దగ్గినవాడు. నెల రోజులు మా ఊళ్లో అందరికీ పొలమారుతూనే ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

దగ్గేవాళ్లు రాకపోతే పరీక్షలు ఎట్లా జరగాలి? దానికీ సర్పంచ్ సాబ్ దగ్గర ఉపాయముంది. సాయంత్రం కబడ్డీ ఆడే పడుచువాళ్లను గుంపుగా వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కడి ఛాతీ తలుపంత ఉంది. తలా ఒక డబ్బా తీసుకుని నవ్వుకుంటూ ఉమ్మి ఇచ్చారు.

"తెమడ కావాలి సర్పంచ్ సాబ్, ఉమ్మి కాదు" అన్నాను.

"ఉన్నోడు ఇస్తడు గాని, లేనోడు యాడికెళ్లి తెస్తడు సిస్టరమ్మా? రాసుకో, రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. డబ్బాల మీద చీటీలు అంటించి ఎల్లారెడ్డి పంపించాను. రోగం లేదని అందరికీ ఫలితం వచ్చింది. అంత ఆరోగ్యమైన ఉమ్మి ఆ ల్యాబువాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

ఆ రోజుల్లోనే మాకు కామారెడ్డిలో శిక్షణ పెట్టారు. నీతి, నియమాలు, రోగి హక్కులు అని తరగతి. చెప్పినాయన చిన్నవాడు, చక్కగా చెప్పాడు. రోగి వివరాలు ఎవరికీ చెప్పకూడదు, రోగికి ఇష్టం లేకుండా ఏ పనీ చేయకూడదు, జబ్బు వచ్చినందుకు మనిషిని తప్పు పట్టకూడదు. నేను నోటుబుక్కులో రాసుకుని ఎర్ర పెన్నుతో కింద గీతలు కూడా గీశాను. "రోగి సంగతి ఎవరికి చెప్పొచ్చు?" అని ఆయన అడిగితే "ఎవరికీ చెప్పొద్దు సార్" అని బడిపిల్లల్లాగా అరిచాం. తర్వాత చాయ్ తాగడానికి బయటికి వచ్చి, ఎవరెవరి ఊళ్లో ఎవరెవరికి ఏమేం రోగాలున్నాయో ఒకరికొకరం చెప్పుకున్నాం. తాడ్వాయి దాటి లోపలికి ఉండే ఒక ఊరి సిస్టర్ అక్కడే నాకు మళ్లీ కలిసింది. పాత స్నేహం మాది. వాళ్ల ఊరు కూడా సర్టిఫికెట్ పోటీలో ఉందని సంబరంగా చెప్పింది.

కామారెడ్డి నుంచి వచ్చిన మర్నాడే ఒకామె నా దగ్గరికి వచ్చింది.

బీడీలు చుట్టే ఇంటి కోడలు. పాతికేళ్లు నిండలేదు. పెనిమిటి దుబాయిలో. చంకలో రెండేళ్ల ఆడపిల్ల, ఇంకా తల్లి పాలు తాగుతోంది. బెంచీ మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా ఊళ్లో ఎవరూ చేయని పని చేసింది. నా ఎదురుగా దగ్గింది.

"ఎన్ని రోజులైంది?" అన్నాను.

"నెల దాటింది. మైకుల చెప్పిండ్రు గద సిస్టరమ్మా, అందుకే వచ్చిన."

ఊరు మొత్తంలో ఆ మైకు మాట నమ్మింది ఆ ఒక్కతే. పరీక్షకు పంపితే క్షయ ఉందని తేలింది. ఆమెను పిలిచి చెప్పాను. ఆరు నెలలు రోజూ గోలీలు మింగితే పూర్తిగా పోతుందని, మాస్కు పెట్టుకుని బిడ్డకు పాలివ్వచ్చని చెప్పాను. ఏడవలేదు. "ఒక్క దినం గూడ తప్పొద్దా?" అని మాత్రం అడిగింది. "ఒక్క దినం కూడా తప్పొద్దు" అన్నాను, వేలు చూపించి మరీ. పదిహేను రోజుల గోలీలు చేతికిచ్చి పంపాను.

నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. పొద్దుగూకేలోగా ఆమె అత్త, సర్పంచ్ సాబ్ ఇద్దరూ నా ముందు కూర్చున్నారు. కోడలి ముఖానికి మాస్కు చూసి అత్త పసిగట్టింది. ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని సర్పంచ్ సాబ్‌కు చెప్పింది. అదే ఒట్టు మీద ఇంకో నలుగురికి చెప్పి ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ పైకి అనకపోవడాన్నే మా ఊళ్లో గోప్యత అంటారు.

"కడుపు చింపుకుంటే కాళ్ల మీద పడ్తదని నీ దగ్గర చెప్తున్న సిస్టరమ్మా" అంది అత్త. ఊరందరికీ ఆమె అవ్వ. "మా ఇంట్ల గీ రోగం తాతల నాటి సంది లేదు. గది తల్లిగారింటికెళ్లి తెచ్చుకున్నది. మొదటి కాన్పు తల్లిగారిది గాదా? గిది గూడ వాళ్లదే. వాళ్లనే చేయించుకోమను."

ఆ కోడలు ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఐదేళ్లు. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా ఆమె చుట్టిన బీడీలన్నీ అత్తగారివి. చుట్టే మనిషికి వచ్చిన దగ్గు మాత్రం తల్లిగారిది. నవ్వాలో అరవాలో తెలియక సర్పంచ్ సాబ్ వైపు చూశాను.

"మందులు వద్దంటలేం. జరూర్ వాడాలె" అన్నాడాయన పెద్దమనిషి గొంతుతో. "గాని గా ఊళ్లె వాడాలె. కోడలి ఆధార్ కార్డు మీద గిప్పటికీ తల్లిగారి అడ్రసే ఉన్నది. కార్డుల ఉన్నది ఉన్నట్టు రాస్తే నీ తప్పేముంటది? మనకు సర్టిఫికెట్ వస్తే జిల్లా సభల నీకు శాలువా కప్పిస్త. నాది జిమ్మా."

ఇక్కడే నేను నోరు తెరవాల్సింది. ఎర్ర గీతలు గీసుకున్న నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు, ఎక్కడుంటావని. కార్డు మీద తల్లిగారి ఊరే ఉంది కదా, అబద్ధం రాయడం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆన్‌లైన్‌లో ఆమె పేరు తల్లిగారి ఊరికి, అంటే తాడ్వాయి అవతల నా స్నేహితురాలు పనిచేసే ఊరికే బదిలీ చేశాను. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నా భుజాల మీద ఎవరూ ఏ శాలువా కప్పలేదు. శాలువాకు లొంగిపోయానంటే కూడా కొంత గౌరవంగా ఉండేది. శాలువా కప్పిస్తానన్న మాటకే లొంగిపోయాను.

ఆ పిల్ల బిడ్డను చంకనెత్తుకుని, గోలీల సంచితో బస్సెక్కింది. మూడో రోజు తాడ్వాయి వైపు సిస్టర్ ఫోన్ చేసింది.

"అక్కా, గీ కేసు నా మీదికి తోలినవేంది? పెండ్లయినంక ఆడపిల్ల అత్తగారిదే గద! మా ఊరోళ్లు నన్ను బతకనిస్తలేరు. వాపస్ పంపిన, చూస్కో."

ఆమె మాటా శాస్త్రప్రకారమే ఉంది. రోగం తల్లిగారిదని మా అవ్వ, పిల్ల అత్తగారిదని వాళ్ల పెద్దమనుషులు. ఇద్దరి ఆచారాల మధ్యా ఆ పిల్ల బస్సు పాలైంది. అక్కడికి పోతే "నీ పేరు ఇక్కడ లేదు" అనేవారు. ఇక్కడికి వస్తే అవ్వ గుమ్మంలోనే "మల్ల వచ్చినవా?" అనేది. నేను ఆన్‌లైన్‌లో మళ్లీ అటు పంపాను, ఆ సిస్టర్ ఇటు పంపింది. నొక్కడానికి వేలు చాలు, అందుకే అన్నిసార్లు నొక్కాం. కంప్యూటర్‌లో ఆమె పేరు ఎదురుగా "బదిలీలో ఉంది" అని ఒక మాట స్థిరపడిపోయింది. మందులు పేరున్న చోటికి వస్తాయి. ఏ చోటా లేని మనిషికి మందులు ఎక్కడికి రావాలి?

రెండు ఊళ్లూ తళతళలాడుతున్నాయి. రోగం మాత్రం ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య తిరిగే బస్సులో కాపురం పెట్టింది. కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలవాళ్లు, పెళ్లిళ్లకు పోయేవాళ్లు ఆ పక్క సీట్లలోనే కూర్చున్నారు. బస్సుకు సర్టిఫికెట్ ఇస్తామని ఎవరూ అనలేదు కాబట్టి దాని గురించి ఎవరికీ పరేషాన్ లేదు.

ఈ లోపు ఆమెకు దగ్గు తగ్గిందని విన్నాను. మొదటి పదిహేను రోజుల గోలీలకు తగ్గుతుంది. తగ్గిందని మానేస్తే తిరగబెడుతుంది, అదీ నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే మనసు హాయిగా ఊపిరి పీల్చుకుంది. తనిఖీకి ఫైలు తయారు చేయాలి, ఫొటోలు అంటించాలి. వద్దన్నవాళ్ల గోడల మీద కూడా నినాదాలు రాయించాలి. ఊరి మొదట్లో "క్షయ రహిత గ్రామం" అని బోర్డు కూడా ముందే రాయించేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం, నేను ఫైలుకు దారం కడుతుంటే ఆమె వచ్చింది.

గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. చంకలో బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఆమె దగ్గింది, కొంగు మడిచి దాచింది, నేను కొంగు పట్టుకుని విప్పి చూశాను. రక్తం ఉంది. తర్వాత ఆమె సంచిలోంచి ఒక చిన్న కట్ట తీసి నా బల్ల మీద పెట్టింది. బీడీలకు కట్టే ఎర్ర దారంతో కట్టిన బస్సు టికెట్లు. ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్లు.

"ఎవలన్న అడుగుతరని దాచిపెట్టిన" అంది. "అటు పొమ్మంటే అటు పోయిన. ఇటు పొమ్మంటే ఇటు వచ్చిన. నువ్వు ఒక్క దినం గూడ తప్పొద్దన్నవు. నేను తప్పియ్యలే సిస్టరమ్మా, నాకు గోలీలు ఎవ్వలు ఇయ్యలే. అవి మింగాలంటే నేను ఏ ఊళ్లె ఉండాలె?"

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎవరైనా వచ్చి నా చెంప మీద కొడితే బాగుండుననిపించింది. ఆమె మాత్రం కోప్పడలేదు. నిజంగానే అడుగుతోంది, ఊరి పేరు చెబితే అక్కడికి పోదామని.

ఎల్లారెడ్డి డాక్టర్‌కు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, నా వేలు చేసిన పనితో సహా. వెంటనే పంపమన్నారు. కంప్యూటర్ తెరిచి ఆమె పేరు వెనక్కి తెచ్చుకుని, చిరునామా దగ్గర మా ఊరి పేరు కొట్టాను. ఆటో మాట్లాడుతుండగానే సర్పంచ్ సాబ్ పరుగున వచ్చాడు. ఎవరు చెప్పారో అడగలేదు, మా ఊరి గోప్యత నాకు తెలుసు.

"ఒక్క దినం ఆగరాదు సిస్టరమ్మా! రేపు వాళ్లు వచ్చి పోంగనే రాయి. ఎవ్వలు వద్దన్నరు?"

"ఒక్క దినం కూడా తప్పొద్దని ఈ పిల్లకు చెప్పింది నేనే సర్పంచ్ సాబ్. నెల దాటింది, నేనే తప్పించిన. నువ్వు పక్కకు జరుగు, ఆటో రావాలి."

"ఊరిని బదనాం చేస్తున్నవు" అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, బల్ల మీది టికెట్ల కట్ట చూసి ఆగిపోయాడు. ఏమిటవని అడిగాడు. చెప్పాను. బోర్డు ఉన్న వైపు కాకుండా వెనక దారిన వెళ్లిపోయాడు.

మర్నాడు తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరమ్మ నా ఫైలు తిప్పింది. కబడ్డీ ఉమ్మి దగ్గర కొంచెం నవ్వింది. ఆ పిల్ల పేరు, పక్కనున్న బదిలీ తేదీల దగ్గర ఆగింది. మా ఊరివాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఒక కేసు ఉంటే ఏమైందమ్మా? ఇంత ఊరికి ఒకటి ఉన్నా సర్టిఫికెట్ ఇస్తాం. ఉన్నవాళ్లు మందు ఆపకుండా వాడుతున్నారా అన్నదే ముఖ్యం. రెండో పేజీలో ఉంది కదా, చదవలేదా?"

కేసు ఉన్నందుకు కాదు, దాన్ని దాచి మందు ఆపినందుకు మా సర్టిఫికెట్ పోయింది. సర్పంచ్ సాబ్ ఆ రెండో పేజీ నా చేతిలోంచి తీసుకుని, నిలబడే మొత్తం చదివాడు. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి.

డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా? తల్లికి తేలిన వారమే చూపించారా?"

ఇది నాకు ఏ పేజీ చదవకుండానే తెలుసు. ఇంట్లో ఒకరికి క్షయ తేలితే ముందు చూడాల్సింది పసిపిల్లలను. జబ్బు లేకపోతే రాకుండా మందు వేయాలి. తల్లిని బదిలీ చేసినప్పుడు ఆమెతోపాటు ఆ పని కూడా బదిలీ చేసి చేతులు దులుపుకున్నాను. లేదని తల ఊపాను.

బిడ్డను కామారెడ్డి తీసుకుపోయింది నేనే. బస్సులో కాదు, ఆటోలో. మెడ కింద చిన్న గడ్డ ఉంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. చంకనెత్తుకున్న తల్లికి రోజూ తగులుతూనే ఉండి ఉంటుంది, అడిగేవాళ్లు లేక చెప్పలేదు. పరీక్షలు చేశారు. క్షయే. మందులతో తగ్గుతుందన్నారు. తగ్గుతుందన్న మాటను దారి పొడుగునా మళ్లీ మళ్లీ అనుకున్నాను. అయినా ఆ నెల రోజులు ఎవరివో నాకు తెలుసు. వాటిని బదిలీ చేయడానికి ఇంకో ఊరు లేదు.

తల్లి మందులు మళ్లీ మొదలుపెట్టుకుని ఎల్లారెడ్డి నుంచి ఇల్లు చేరాక, పిల్ల మందుల డబ్బా తీసుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. అవ్వ అరుగు మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు పక్కన, మాస్కు పెట్టుకుని, గ్లాసులో నీళ్లు పట్టుకుని నిలబడింది. నేను కార్డు తీసి పిల్ల పేరు రాశాను. ఊరి పేరు రాసే చోట నా పెన్ను ఆగింది. రాయడం తెలియక కాదు. ఈసారి అడిగి రాయాలనుకున్నాను.

"ఏ ఊరు రాయాలి అవ్వా?"

అవ్వ నన్ను చూసింది, పిల్ల మెడ వైపు చూసింది. "గదేం మాట సిస్టరమ్మా? మన ఊరే రాయి. పిల్ల ఎటు పోతది? గిది మా ఇంటిది గాదా?"

రాశాను. కోడలు గ్లాసు నాకు అందిస్తూ, గొంతు పెంచకుండా అంది.

"నేను గూడ ఐదేండ్ల సంది గీ ఇంట్లనే ఉన్న అత్తమ్మా."

అవ్వ పిల్లను ఒళ్లో సర్దుకుంది. చెంచాలో నీళ్లు పోసి గోలీ వేశాను. పిల్లల గోలీ కరగడానికి కొంచెంసేపు పడుతుంది. ముగ్గురం దాన్నే చూస్తూ ఉన్నాం.